పచ్చ టవాలు

సాయంత్రం దీపం పెట్టిన ప్రతిసారీ ఓబుళమ్మ మనసులో అదే ప్రశ్న లేచేది. అహోబిలం నరసింహస్వామి పటం ముందు కర్పూరం వెలిగించి, వచ్చిన నాలుగు శ్లోకాలూ చదువుకొని, ఆఖరున నోరు మెదపకుండా అడిగేది: ‘సామీ, ఆ కత్తి ఎత్తినప్పుడు ఆయనకు తెలుసా, తెలియదా?’ పటంలో స్వామి హిరణ్యకశిపుణ్ణి తొడమీద వేసుకొని పొట్ట చీలుస్తూ ఉండేవాడు. ఆమెకు జవాబు చెప్పే తీరిక ఆయనకెప్పుడూ దొరకలేదు.

ఆ కత్తి ఎత్తినవాడు ఈరన్న, ఆమె భర్త. అది దిగింది కేశవులు మెడమీద. కేశవులు ఆమె అన్న.

వాళ్ళ ఊరు చింతలగుట్టకూ పైఊరికీ వాగు నీళ్ళ దగ్గర రాజుకున్న తగాదా అది. మిరపకాయలు కల్లంలో ఆరబోసిన రోజుల్లో పైఊరివాళ్ళు కత్తులతో వచ్చి పడ్డారు. వస్తారని ముందే తెలుసు గనుక చింతలగుట్ట పెద్ద తన మనుషులందరికీ ఎర్ర టవాళ్ళు పంచిపెట్టాడు. పైఊరివాళ్ళు ఆకుపచ్చవి కట్టుకొచ్చారు. మొదట ముఖాలు చూసుకొనే నరుక్కున్నారు. పేగులు పట్టుకొని ఒకడు కల్లమంతా పరిగెత్తాడు. ఇంకొకడి చెయ్యి మోచేతి దగ్గర తెగి మిరపకాయల మీద పడింది. అంతలో ఎవడో నాటుబాంబు విసిరాడు. కుప్ప అంటుకుంది.

మిరపకాయల కుప్ప కాలితే వచ్చే పొగ ఎట్లాంటిదో అందులో నిలబడ్డవాళ్ళకే తెలుసు. గొంతు మూసుకుపోతుంది, కళ్ళలో నిప్పులు పోసినట్టవుతుంది. అందరూ టవాళ్ళు విప్పి, కళ్ళు మాత్రమే బయటికి వదిలి, ముఖాలకు చుట్టేసుకున్నారు. ఆ తర్వాత ఆ కల్లంలో మనుషులు లేరు, టవాళ్ళే ఉన్నాయి.

ఓబుళమ్మ కల్లం పక్క కొట్టంలో ఉంది. చంకలో కొడుకు లింగమయ్య, కడుపులో ఇంకొకరు. పొగలోంచి ఒక మనిషి ఈరన్న వైపు పరిగెత్తుకొచ్చాడు. ఈరన్న తిరిగి వేటకొడవలి ఎత్తి దించాడు. అది మెడ దగ్గర దిగి ఎముకలో ఇరుక్కుంది. మనిషి మిరపకాయల మీద బోర్లా పడ్డాడు. ఎవరిని పడగొట్టానో చూద్దామని ఈరన్న వంగి, మనిషిని వెల్లకిలా తిప్పి, ముఖానికున్న టవాలు లాగాడు. కేశవులు. నోట్లోంచి నెత్తుటి బుడగలు వస్తున్నాయి.

“ఎర్ర టవాలురా! సొంత మనిషిని నరికినాడు! ఈరన్న అమ్ముడుపోయినాడ్రా!” ఎవరో అరిచారు. ఆ అరుపును పదిమంది అందుకున్నారు.

ఈరన్న ఆ టవాలు చేత్తో పట్టుకొని కొట్టం వైపు తిరిగాడు. “ఓబుళూ, పచ్చదే గదే ఇది? పచ్చదే గదా?” అన్నాడు.

ఆమెకు నోరు పెగల్లేదు. టవాలు ఎర్రగా ఉంది. చూసేవాళ్ళందరికీ ఎర్రగానే ఉంది.

వెనకనుంచి వచ్చింది కంబగిరి, ఆమె తమ్ముడు. మొదటి వేటు భుజంమీద పడింది, రెండోది మెడమీద. ఈరన్న ఇరుక్కున్న తన కత్తిని పెరుక్కోలేదు. టవాలును అందరికీ చూపిస్తూనే కేశవులు మీద కూలిపోయాడు.

చచ్చేముందు కూడా బొంకినాడు అంది ఊరు. దాంతో అమ్ముడుపోయినవాడన్న పేరు ఆ ఇంటికి అంటుకుపోయింది. కంబగిరి జైలుకు పోయాడు. లింగమయ్య మీసం వచ్చేలోపే కత్తి పట్టాడు. బాంబు చుడుతుంటే పేలి ఎడమచేతి మూడు వేళ్ళు పోయాయి. మిగిలిన చేతితోనే, మనుషులను వెంటేసుకొని పోయి, కంబగిరి ఒక్కగానొక్క కొడుకును బస్సులోంచి కిందికి ఈడ్చి రోడ్డుమీద నరికాడు. సాక్ష్యం చెప్పడానికి బస్సులో ఒక్కరికీ ధైర్యం చాలలేదు. కంబగిరి విడుదలయ్యే రోజు కోసం ఇంక లింగమయ్య కత్తి నూరుకుంటూ కూర్చున్నాడు. ఓబుళమ్మ దీపం పెట్టడం మానలేదు, అడగడమూ మానలేదు.

కడుపులో ఉన్నది ఆడపిల్ల. సుంకులమ్మ అని పేరు పెట్టారు. తండ్రి ముఖం చూడని పిల్ల. పనికి వెనకాడేది కాదు గానీ, ఆ ఊళ్ళో ఆడపిల్లలకు అక్షరాలకన్నా ముందు వచ్చే పని మాత్రం ఆమెకు రాలేదు. మిరప కోతలో పండింది తెంపి పచ్చిది చెట్టుకు వదలాలి. మగవాళ్ళు మడకలు కట్టి దున్నుతారు, మూటలు మోస్తారు, కోత జోలికి రారు. అది ఆడవాళ్ళ పని. సుంకులమ్మ గంపలో ఎప్పుడు చూసినా సగం పచ్చికాయలే.

“కండ్లు నెత్తిమీదున్నాయా నీకు? పచ్చిదేదో పండుదేదో తెల్దా?” అని ఓబుళమ్మ చింతబరికెతో కొట్టేది. కాళ్ళు వాతలు తేలేవి. పిల్ల ఏడ్చేది గానీ మళ్ళీ అట్లాగే తెంపేది. ఒళ్ళు బరువు అన్నారు, తండ్రి బుద్ధి అన్నారు.

ఒక ఏడు మాత్రం ఓబుళమ్మ మంచిమాటతో చెప్పింది. “ఈ కోత మొత్తం పచ్చికాయ కలవకుండా తెంపితే, గాజులామెను పిలిచి రెండు చేతులకూ నిండుగా గాజులు ఏయిస్తా.”

ఆ మాట పట్టుకొని పిల్ల చేసిన పని ఓబుళమ్మకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది. చెట్టు దగ్గర కూర్చొని ప్రతి కాయనూ వేళ్ళతో నొక్కి చూసేది, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసేది. మిగతావాళ్ళు నాలుగు సాళ్ళు దాటేసరికి ఆమె ఒక సాలులోనే ఉండేది. ముక్కు వాచిపోయింది, వేలికొనలు బొబ్బలెక్కాయి. కోత అట్లాగే చివరిదాకా లాక్కొచ్చింది. ఆఖరి రోజు గంప బోర్లిస్తే అడుగున కొన్ని పచ్చికాయలు కనిపించాయి. మాటంటే మాటే అని ఓబుళమ్మ గాజులామెను పిలవలేదు. సుంకులమ్మ ఆ తర్వాత ఎన్నడూ గాజులు అడగలేదు.

ఊరి బడిలో కంటి వైద్యశిబిరం పెట్టిన రోజు సుంకులమ్మ అక్కడ వంటకు పోయింది. వంట అయ్యాక డాక్టర్ తబస్సుమ్ ఆమెను కూడా కూర్చోబెట్టి రంగు చుక్కల పుస్తకం చూపించింది. చుక్కల్లో దాగిన అంకెలు, మొదటిది తప్ప, సుంకులమ్మ ఒక్కటీ చదవలేకపోయింది. డాక్టర్ పేజీలు వెనక్కి తిప్పి మళ్ళీ అడిగింది. తర్వాత వేలు గుచ్చి నెత్తురు తీసుకుంది.

కొన్ని నెలలకు కర్నూలులోని డాక్టర్ ప్రయోగశాల నుంచి పిలుపు వచ్చింది. తల్లిని కూడా తీసుకురమ్మన్నారు. ఓబుళమ్మ వట్టిచేతులతో పోలేక సంచిలో చేనులో తెంపిన మిరపకాయలు వేసుకుపోయింది, పండువి కొన్ని, పచ్చివి కొన్ని.

ప్రయోగశాలలో చల్లగా ఉంది. గోడ పక్కన ఒక నల్లటి పెట్టె, దానికి తీగతో తగిలించిన కళ్ళజోడు.

“మీ అమ్మాయికి ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయమ్మా,” అంది తబస్సుమ్. “పుట్టుకతోనే. మగవాళ్ళలో అక్కడక్కడా ఉంటుంది. ఆడవాళ్ళలో చాలా అరుదు. అందుకే మిమ్మల్ని ఒకటి అడగాలి. మీ ఇద్దరిదీ మేనరికమా?”

“అవునుమ్మా. మా ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు.”

తబస్సుమ్ సంచి దగ్గరికి లాక్కుంది. సంచిలోని మిరపకాయలు బల్లమీద పోసింది. పండువీ పచ్చివీ విడదీసింది.

“రంగులు చూడ్డం నేర్పే దారం ఒకటి మన ఒంట్లో ఉంటుందనుకోండి. పండుకాయ మంచి దారం, పచ్చికాయ చెడిన దారం. ఆడవాళ్ళకు రెండు దారాలు.” ఓబుళమ్మ చేతిలో ఒక పండుకాయ, ఒక పచ్చికాయ పెట్టింది. “ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది. మీకు అట్లాగే ఉంది. చూపు బాగుంది, లోపల చెడినది దాక్కొని ఉంది. మగవాళ్ళకు ఒక్కటే దారం. అది చెడిందా, కాపాడేది ఇంకొకటి లేదు.”

“సరేమ్మా. మరి నా బిడ్డకు?”

తబస్సుమ్ సుంకులమ్మ అరచేతిలో రెండు పచ్చికాయలు పెట్టింది. “రెండూ చెడినవే. ఒకటి మీరిచ్చారు. రెండోది...” అని ఆగింది. “తండ్రికున్నది ఒక్కటే దారం. దాన్ని కూతురికి ఉన్నదున్నట్టు ఇస్తాడు. కొడుక్కి అందులో ఒక పోగు కూడా ఇవ్వడు. మీ ఆయనకు ఎరుపూ పచ్చా తేడా తెలిసేదామ్మా?”

ఓబుళమ్మ చేతిలోంచి కాయలు రాలిపోయాయి.

“అమా, ఏమైంది?” సుంకులమ్మ భుజం పట్టుకుంది.

తబస్సుమ్ నల్లపెట్టె మీద చెయ్యి వేసింది. “సుంకులమ్మగారి నెత్తుటిలోని కణాలను ఇందులో కంటిపొరగా పెంచాను. ఆడమనిషి కణంలో రెండు దారాల్లో ఒకటి నిద్రపోతుంది, ఒకటి మేలుకొని ఉంటుంది. తండ్రిది మేలుకున్న కణాలను మాత్రమే ఏరి పెట్టాను. ఈ పొర ఏ రంగు చూస్తే కళ్ళజోడులో ఆ రంగే కనిపిస్తుంది. కూతురి నుంచి తండ్రి చూపును బయటికి తీయడం ఇదే మొదలు. చూస్తారా?”

ఓబుళమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. బల్లమీది మిరపకాయలన్నీ ఒకే రంగుకు తిరిగాయి, ఎండీ ఎండని పేడలాంటి మురికి పచ్చకు. నడుముకున్న చిక్కం సంచిలోంచి చిన్న నరసింహస్వామి పటం తీసి చూసింది. హిరణ్యకశిపుని నెత్తురు బురదనీళ్ళలా ఉంది. తన చీర ఎర్రంచు పట్టుకొని డాక్టర్ బల్లమీది ఆకుపచ్చ గుడ్డ పక్కన పెట్టింది. రెండూ ఒకే తానులోంచి చింపినట్టున్నాయి. అటు మార్చి చూసింది, ఇటు మార్చి చూసింది.

పచ్చదే గదే ఓబుళూ?

ఆమె నేలమీద కూలబడి, కళ్ళజోడు తీయకుండానే, పెద్దగా ఏడ్చింది. ఆయన బొంకలేదు. ప్రాణం పోతున్నా తన కళ్ళు చూసిందే చెప్పాడు. అడిగింది ఆమెనే. ఆమె జవాబు చెప్పలేదు.

అప్పుడే సుంకులమ్మ ఫోన్ మోగింది. పక్కింటామె గొంతు బయటికే వినపడుతోంది. “మీ కంబగిరి మామ పొద్దున జైలునుంచి వచ్చినాడే. మీ అన్న మనుషులు ఇంట్లోంచి ఈడ్చుకొని కల్లానికి తీసుకపోయిరి. మీ అమ్మకు చెప్పే!”

ఓబుళమ్మ లేచింది. “డాక్టరమ్మా, ఈ పెట్టె నాకియ్యి.”

“బయటికి ఇవ్వకూడదమ్మా. ఇట్లాంటిది ఇంకొకటి లేదు.”

“అయితే నువ్వూ రామ్మా తల్లీ. ఒక మనిషి పానం పోతాంది.”

తబస్సుమ్ సుంకులమ్మ వైపు చూసింది. కారు తాళాలు తీసుకుంది.

కల్లం నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నడుమ కంబగిరి మోకాళ్ళమీద కూర్చొని ఉన్నాడు. జుట్టు నెరిసిపోయింది. ఎడమచెయ్యి అప్పటికే తెగి తోలుకు వేలాడుతోంది. లింగమయ్య మనుషులు చుట్టూ నిలబడి ఉన్నారు. లింగమయ్య తొందరపడటం లేదు.

“ఏం మామా, జైలు కూడు బాగనే పట్టిందే ఒంటికి! మా నాయినను నరికినప్పుడు ఇంత కండ ల్యాకపాయె.”

“నరుకురా. కబుర్లెందుకు? నా కొడుకును బస్సులోంచి ఈడ్చినప్పుడు ఇన్ని కబుర్లు చెప్పినావా?”

లింగమయ్య కత్తి వెనుకవైపుతో వాని దవడమీద కొట్టాడు. పళ్ళు రాలి మిరపకాయల్లో పడ్డాయి. రెండోసారి కత్తిని మెడకెత్తాడు.

“ఆగరా!”

ఓబుళమ్మ పరిగెత్తుకొచ్చింది. వెనకాల పెట్టె మోసుకుంటూ సుంకులమ్మ, తీగ పట్టుకొని తబస్సుమ్.

“అమా, పక్కకు పో. ఇది మొగోళ్ళ యవ్వారం.”

“నా పాలు తాగింటే ఒక్కసారి ఈ అద్దాలు పెట్టుకో. తర్వాత నీ ఇష్టం.”

“ఏంది, సినిమా చూపిస్తావా?” మనుషులు నవ్వారు. లింగమయ్య కూడా నవ్వాడు. కానీ తల్లి వాని నెత్తిమీద చెయ్యి పెట్టి కదలకుండా నిలబడింది. వాడు విసుగ్గా కళ్ళజోడు పెట్టుకున్నాడు.

ఓబుళమ్మ వాని మనుషుల్లో ఇద్దరిని ముందుకు లాగింది. ఒకని తలకు ఎర్ర టవాలు, ఒకని తలకు ఆకుపచ్చది. “వీనిది ఏం రంగు?”

“పచ్చ.”

“వానిది?”

“అదీ పచ్చే. ఏందిమా ఈ ఆట?”

ఎర్ర టవాలువాడు మొదట నవ్వి, తర్వాత తలమీది టవాలు తడుముకున్నాడు. చుట్టూ నవ్వులు ఆగిపోయాయి.

“సరిగ్గ చూసి చెప్పురా.”

లింగమయ్య మళ్ళీ చూశాడు. “చెప్తి గదా, రెండూ పచ్చేనని!”

“అవి మీ నాయిన కండ్లు రా,” అంది ఓబుళమ్మ. “ఆ పొద్దు ఆయనకు మా అన్న టవాలు అట్లనే కనపడింది. ఆయన అమ్ముడుపోల్యా. బొంకల్యా.”

లింగమయ్య కళ్ళజోడుతోనే చుట్టూ తిరిగాడు. కల్లం చూశాడు. తన చేతిమీది నెత్తురు చూశాడు. కారు కింద కారిన నూనెలా ఉంది. ఒక్కసారిగా కళ్ళజోడు పీకి నేలకేసి కొట్టాడు. చెల్లెలి చేతిలోని పెట్టెను తన్నాడు. అది పగిలి లోపలి పలక రెండయింది. పలచని పొర ఒకటి మిరపకాయల మీద జారి మట్టిలో కలిసింది. తబస్సుమ్ “అయ్యో” అని మోకాళ్ళమీద పడి దాన్ని ఎత్తబోయింది. వేళ్ళకు అంటిందే తప్ప చేతికి రాలేదు.

“మోసం! అద్దాల మోసం ఇది! ఏ రంగు కావాలంటే ఆ రంగు చూపిస్తారు!”

“మోసం గాదురా,” అన్నాడు కంబగిరి.

నోటినిండా నెత్తురుతో మాట స్పష్టంగా రావడం లేదు. అయినా అందరికీ వినపడింది.

“నాకూ అట్లనే కనపడతాయి. చిన్నప్పటినుంచి. ఎవరికీ చెప్పల్యా, నవ్వుతారని.” తెగిన చేతిని ఒళ్ళో పెట్టుకొని అక్క వైపు చూశాడు. “ఆ పొద్దు మామ టవాలు చూపిస్తానే ఉండె. పచ్చదే గదా అంటానే ఉండె. నా కండ్లకూ అది పచ్చే, అక్కా. మామ నిజమే చెప్తాండాడని ఆ కల్లంలో నాకొక్కనికే తెలుసు. చుట్టూ అందరూ ఎర్ర ఎర్ర అని అరిచిరి. నేను కాదంటే నన్నూ అమ్ముడుపోయినోడంటారు. అందుకే అందరికన్నా ముందు నేనే నరికితి.”



లింగమయ్య కత్తి దిగింది. కంబగిరి ఒళ్ళు భుజం దగ్గర మొదలై రొమ్ముదాకా చీలింది. కత్తిని పెరికి మళ్ళీ ఎత్తేసరికి సుంకులమ్మ వాని మణికట్టు పట్టుకుంది. ఎన్నడూ అన్నకు ఎదురు మాట్లాడని మనిషి.

“వదులే! నాయిన పగ తీర్చుకోనీ!”

“నాయినది నీ దగ్గర ఏముందిరా?” అంది సుంకులమ్మ. “ఆయన కండ్లు నీకు రాల్యా. నాకొచ్చినాయి. వాటికే నేను బరికె దెబ్బలు తింటి. పగంటూ ఉంటే అది నాది. ఆ కత్తి ఇటియ్యి.”

లింగమయ్య ఆమె కళ్ళలోకి చూశాడు. అంత దగ్గరనుంచి చెల్లెలి కళ్ళు అతనెప్పుడూ చూసి ఉండడు. చెయ్యి వదులైంది. సుంకులమ్మ కత్తి తీసుకుంది. ఒక్కడుగు కంబగిరి వైపు వేసింది. కంబగిరి తల వంచి మెడ చూపించాడు.

ఆమె కత్తిని కింద పడేసి, దానిమీద కాలు పెట్టి, పక్కనున్నవాని తలమీది టవాలు లాక్కొని, కూర్చొని మామ గాయానికి అదిమి పట్టింది. ఆ టవాలు ఏ రంగుదో ఆమెకు తెలియదు.

కంబగిరి ఆసుపత్రి చేరలేదు. డాక్టర్ కారులో, ఓబుళమ్మ ఒళ్ళో తల పెట్టుకొని దారిలోనే పోయాడు. తన భర్తను చంపిన తల అది. చిన్నప్పుడు తాను నూనె పెట్టి దువ్విన తల కూడా అదే. ఆమె దాన్ని కింద పెట్టలేకపోయింది.

పోలీసులు వచ్చేసరికి లింగమయ్య కల్లంలోనే కూర్చొని ఉన్నాడు. బేడీలు వేయించుకుంటూ తల్లిని అడిగాడు: “అమా, నాకు నాయినది ఏమీ రాల్యాదా?”

“నీకు నా కండ్లు ఇస్తి గదరా,” అంది ఓబుళమ్మ. “వాటితో నువ్వు ఏం చూసినావు?”

తర్వాత కొన్నాళ్ళకు తబస్సుమ్ చింతలగుట్టకు వచ్చింది. యంత్రం సంగతి చుట్టుపక్కల పాకిపోయింది. ఎవరెవరో ప్రయోగశాల మెట్లమీద వచ్చి కూర్చుంటున్నారు. చచ్చిన తండ్రి కళ్ళతో చూడాలని ఒకడు, కూతురిలో ఉన్నది తన దారమేనా కాదా తేల్చమని ఇంకొకడు. యంత్రం పగిలిపోయిందని చెప్పినా, ఆ రెండోవాడు అనుమానంతోనే ఇంటికి పోయి పెళ్ళాం పుర్రె పగలగొట్టాడు. ఆ మాట చెప్తూ తబస్సుమ్ తన చేతులవైపు చూసుకుంది.

“మళ్ళీ చెయ్యమంటున్నారు మా పై అధికారులు. మీ అమ్మాయి నెత్తురు ఇంకోసారి ఇస్తే చెయ్యగలను. చెయ్యాలో వద్దో తెలియడం లేదమ్మా.”

సుంకులమ్మ చెయ్యి చాపింది. “కావాలంటే తీసుకో మేడమ్. నాయిన కండ్లు యాడికీ పోవు, నా దగ్గరే ఉంటాయి. కానీ ఆ చుక్కల పుస్తకం తెచ్చినావా? ముందు మా ఊరి పిల్లోళ్ళకు చూపియ్యి. రేపు వీళ్ళకూ ఎవరో ఒకరు టవాళ్ళు పంచుతారు.”

తబస్సుమ్ నెత్తురు తీసుకోలేదు. పుస్తకం తీసుకొని బడికి పోయింది. కొందరు మగపిల్లలు చుక్కల్లో అంకెలు చదవలేకపోయారు. ఇళ్ళకు పంపేముందు వాళ్ళ తల్లులను పిలిపించి, కోతకు పనికిరాలేదని కొట్టొద్దని, ఒకరి మీదికి ఉసిగొల్పి పంపొద్దని సుంకులమ్మే చెప్పింది.

ఓబుళమ్మ సాయంత్రం దీపం పెట్టింది. కర్పూరం వెలిగించింది. పాత ప్రశ్న లేవలేదు. దాని చోట ఇంకొకటి లేచింది: ‘సామీ, ఆయనకు తెలియదు. కంబగిరికి తెలుసు. నువ్వు స్తంభంలో ఉన్నావంటారు, అన్నిట్లోనూ ఉన్నావంటారు. మరి ఆ పొద్దు ఆ కల్లంలో నీకు ఏ రంగు కనపడింది?’ స్వామి ఎప్పటిలాగే తన పనిలో ఉన్నాడు. ఆమె కోపం తెచ్చుకోలేదు. ఒత్తి ఎగదోసి లేచింది.

మరునాడు పొద్దున వీధిలో గాజులామె కేక వినపడింది. ఓబుళమ్మ ఆమెను పిలిచి అరుగుమీద గాజుల మలారం దింపించింది.

“సుంకూ, ఇట్రా. నీకు గాజులు బాకీ ఉన్నా.”

సుంకులమ్మ పిండి చేతులతో బయటికొచ్చి నవ్వింది. “ఆ గాజులా? ఆ కోత అయిపోయి ఎన్నేండ్లాయె! గంప అడుగున పచ్చికాయలు ఉండె గదమా.”

“ఉంటే ఉండె. కూర్చో. నీకు ఏవి కావాలో తీసుకో.”

సుంకులమ్మ చేతులు కడుక్కొచ్చి కూర్చుంది. మలారంలోని గాజులను ఒక్కొక్క గుత్తిగా చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూసింది. కొన్ని పక్కకు పెట్టింది. సన్నగా, గట్టిగా మోగేవి రెండు గుత్తులు ఏరుకుంది. ఒక గుత్తి ఎర్రది, ఒక గుత్తి ఆకుపచ్చది.

“అమ్మా, ఇవి జత గావు, ఒకటేమో...” అనబోయింది గాజులామె. ఓబుళమ్మ కళ్ళతోనే ఆపింది.

కూతురి చేతిని తన చేతుల్లోకి తీసుకొని, మెత్తగా నొక్కి, ఒక్కొక్క గాజూ తానే ఎక్కించింది. కుడిచేతికి ఎర్రవి, ఎడమచేతికి ఆకుపచ్చవి. ఆఖరిది ఎక్కాక సుంకులమ్మ రెండు చేతులూ ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకుంది.

“రెండు చేతులవీ ఒకటే రంగు గదమా?”

“ఒకటే రంగేమ్మా,” అంది ఓబుళమ్మ.